పటం మీది చుక్క, దాని కింద ఉండే చిన్న అక్షరాలు

ఎలక్ట్రిక్ సైకిల్లో దాచే ట్రాకర్ల గురించి రాసేవారిలో చాలామంది వాటిని కొన్న వారంలోనే రాస్తుంటారు. నేను మూడేళ్లుగా నాణెం బ్యాటరీతో నడిచే బ్లూటూత్ ట్యాగునూ, రెండేళ్లకు పైగా సిమ్ కార్డుతో పనిచేసే జీపీఎస్ ట్రాకర్‌నూ ఒకే సైకిల్లో పెట్టి వాడుతున్నాను. ఆ సైకిల్ ఒకసారి పోయింది, ముప్పాతిక వంతు తిరిగి దొరికింది. దాన్ని దొరికించింది ఈ రెండింటిలో ఒకటే అయినా, నాకు రెండింటి మీదా ఒకే కోపం మిగిలింది. పటం మీద చుక్కను పెద్దదిగా, నిక్కచ్చిగా చూపించి, ఆ చుక్క ఏ వేళదో మాత్రం దాని కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో రాసే పద్ధతి మీద ఆ కోపం. కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే నేను వాడిన రెండు యాప్‌లకూ ఈ జబ్బు ఉంది.

మొదటి ఏడాది ఈ ట్యాగును కనబడిన వారందరి దగ్గరా పొగిడాను. సీటు కింది గొట్టంలో పడేయండి, బ్రహ్మదేవుడికి కూడా కనపడదు అని సలహా కూడా ఇచ్చాను. ఇప్పుడు ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. అల్యూమినియం గొట్టంలో ఉన్న ట్యాగు దొంగకు కనపడదన్నది నిజమే గాని, దాని జాడను మనకు పంపాల్సిన చుట్టుపక్కల ఫోన్లకు కూడా దాదాపు వినపడదు. సైకిల్ నా దగ్గర ఉన్నంతకాలం, మీటరు దూరంలో ఉన్న నా ఫోనుకు దాని పిలుపు ఎలాగో అందేది కాబట్టి, యాప్ ఎప్పుడూ ‘ఇప్పుడే’ అని చూపించేది, నేను మురిసిపోయేవాణ్ణి. ఒకసారి సైకిల్‌ను స్నేహితుడి ఇంటి దగ్గర రెండు రోజులు వదిలి రావలసి వచ్చినప్పుడు, ఆ రెండు రోజుల్లో ఒక్కసారి కూడా చుక్క తాజా కాలేదు. అప్పటినుంచి ట్యాగును సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ గుంటలో అతికించాను. ఇనుము, అల్యూమినియం, కార్బన్ ఫైబర్ వీటన్నిటికీ దూరంగా, ప్లాస్టిక్‌కో రబ్బరుకో వెనకాల పెట్టడమే సరైన దారి అని ఇప్పటి నా అభిప్రాయం. అక్కడ వెతికితే దొరుకుతుంది, కాదనను. గాబరాగా తాళం కోసేవాడు అంత తీరికగా వెతకడన్న ఆశే దీనికి ఆధారం.

జీపీఎస్ ట్రాకర్ సంగతి వేరు. దాన్ని మోటారును నడిపించే కంట్రోలర్ పక్కన ఇరికించి, సైకిల్ బ్యాటరీ నుంచే కరెంటు ఇచ్చాను. కదిలితే ఫోనుకు హెచ్చరిక పంపడం, దారి పొడుగునా గీత గీయడం దాని పని. ఈ రెండూ చాలాకాలం శుభ్రంగా చేసింది. సైకిల్‌ను నెలరోజులు వాడకుండా ఉంచితే బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుందన్నది నేను ముందు ఊహించని ఖర్చు. ఇంకొక్క మాట: చాలా దేశాల్లో 2జీ సేవలను ఆపేస్తున్నారు కాబట్టి, చవకగా వచ్చిందని 2జీ మీదే నడిచే ట్రాకర్ కొంటే కొన్నాళ్లకు అది మూగబోతుంది. నాది అలాంటిది కాదు గాని, కొనేటప్పుడు ఆ సంగతి అడిగినవాణ్ణీ కాదు, అదృష్టం కలిసొచ్చింది.

ఇక పోయిన రోజు సంగతి. సాయంత్రం 4 గంటల 10 నిమిషాలకు ట్రాకర్ కదలిక హెచ్చరిక పంపింది. ఆ హెచ్చరికల శబ్దాన్ని నేను అంతకు రెండు నెలల ముందే ఆపేశాను. పక్క సైకిల్ తగిలినా, గాలికి స్టాండు కాస్త వాలినా అది కేక పెట్టేది; రోజుకు ఏడెనిమిది సార్లు ఉలిక్కిపడే ఓపిక ఎవరికి ఉంటుంది? సున్నితత్వాన్ని తగ్గించే వీలు యాప్‌లోనే ఉందని తరువాత చూశాను. 5 గంటల 35 నిమిషాలకు నేను కిందికి దిగేసరికి, గ్రైండరుతో కోసిన తాళం రెండు ముక్కలై నేల మీద ఉంది. కోసిన చోట ఉక్కు ఇంకా నీలంగా మెరుస్తోంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు గాని, నా కుక్క సమయానికే మొరిగింది. దాని నోరు కట్టేసింది నేనే.

యాప్ తెరిస్తే గీత చక్కగా కనపడింది. 4 గంటల 12 నిమిషాలకు మొదలై, పెద్ద రోడ్డు మీదుగా సాగి, ఒక కాలువ నడిమధ్యలో చుక్కగా ఆగింది. పైన ఆకుపచ్చ రంగులో ‘బ్యాటరీ 100 శాతం’ అని ఉంది. ఆ చుక్క ఇంకా అక్కడే ఉందనీ, సైకిల్‌ను కాలువలో పారేశారనీ నమ్మి పరుగెత్తాను. వంతెన మీద నిలబడి నీళ్లలోకి పది నిమిషాలు చూసిన తరువాత గాని, చుక్క కింద ఉన్న ‘4:23’ అన్న అక్షరాలు నా కంటికి ఆనలేదు. అంటే నేను చూస్తున్నది దాదాపు గంటన్నర కిందటి సంగతి. ఆ వేళకు దొంగ సైకిల్ బ్యాటరీని ఊడదీశాడు. అలాంటప్పుడు ట్రాకర్ తన లోపలి చిన్న బ్యాటరీతో కొన్ని గంటలు బతకాలి. రెండేళ్లలో ఆ చిన్న బ్యాటరీ చచ్చిపోయిందనీ, యాప్ చూపించే 100 శాతం సైకిల్ బ్యాటరీదే గాని దానిది కాదనీ నాకు తరువాత తెలిసింది. కాలువ సంగతి కూడా ఉట్టి భ్రమే. 20,200 కిలోమీటర్ల ఎత్తునుంచి వచ్చే ఉపగ్రహాల సంకేతం ఎత్తైన గోడలకు తగిలి తిరిగొచ్చినప్పుడు, లెక్క కొన్ని పదుల మీటర్లు పక్కకు జరుగుతుంది. చివరి చుక్క అలా జరిగినదే అయితే, అది అక్కడే గడ్డకట్టుకుపోతుంది.

అప్పుడు ట్యాగు గుర్తొచ్చింది. దాని చుక్క వేరే వీధిలో, రోడ్డు మీద ఉంది. ఈసారి చిన్న అక్షరాలను ముందు చదివాను. 4 గంటల 51 నిమిషాలు. అక్కడికి చేరేసరికి ఆరుంబావు అయింది. ఐదు నిమిషాల తరువాత చుక్క తాజా అయి, రోడ్డుకు అవతలి వైపుకు మారింది. నేను అవతలికి దాటాను. మళ్లీ ఇరవై నిమిషాలకు ఇవతలికి మారింది. ఇలా గంటన్నరసేపు రోడ్డు దాటుతూ, ఆగి ఉన్న ప్రతి సైకిల్‌నూ అనుమానంగా చూస్తూ తిరిగాను. నా ఫోను మాత్రం ఒక్కసారి కూడా ట్యాగును పట్టుకోలేదు. తొమ్మిది దాటాక చుక్క కదలడం మానేసింది.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే, మూడేళ్లుగా వాడుతున్న వస్తువు ఎలా పనిచేస్తుందో అప్పుడు గాని బుర్రకెక్కలేదు. ట్యాగులో జీపీఎస్ లేదు. అది తన ఉనికిని బ్లూటూత్‌లో చిన్నగా పలుకుతూ ఉంటుంది, దగ్గరగా పోతున్న ఎవరిదో ఫోను ఆ పలుకు విని, తాను ఉన్న చోటును పంపుతుంది. కాబట్టి పటం మీది చుక్క ట్యాగు ఉన్న చోటు కాదు, దాని మాట విన్న ఫోను ఉన్న చోటు. జనం నడిచేది రోడ్డు మీదే కాబట్టి చుక్కలూ రోడ్డు మీదే పడతాయి. రాత్రి జనం తిరగరు కాబట్టి చుక్క తాజా కాదు, అంతేగాని సైకిల్ ఎక్కడికో పోయిందని కాదు. పైగా ఈ యాప్ పాత చుక్కలను భద్రపరచదు. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. అందుకే తెల్లవారుజామున ఆరింటినుంచి కాగితం మీద వీధి బొమ్మ గీసుకుని, చుక్క మారిన ప్రతిసారీ వేళ వేసి గుర్తు పెట్టాను. ఎనిమిదిన్నరకు పదకొండు గుర్తులు పడ్డాయి. అన్నీ రోడ్డు వెంబడే, ఎనభై మీటర్ల లోపే ఉన్నాయి, ఏడు మాత్రం ఒకచోట గుమిగూడాయి. పోయి చూస్తే, అక్కడ ఒక పాత భవనం నేలమాళిగలోకి వాహనాలు దిగే వాలుదారి నోరు తెరుచుకుని ఉంది. కాంక్రీటు గుండా పైకి రాలేని సంకేతం ఆ నోటిగుండా బయటికి కారుతోంది. ముందురోజు సాయంత్రం దాని ముందునుంచి కనీసం ఆరుసార్లు నడిచి ఉంటాను.

సైకిల్ కొన్న రసీదు, ఫొటోలు, పెడల్ ఇరుసు కింద చెక్కి ఉండే ఫ్రేము నంబరు పట్టుకుని పోలీసు స్టేషన్‌కు వెళ్లాను. ఫోనులో చుక్క చూపిస్తే అక్కడి అధికారి, “ఇందులో ఏ అంతస్తండీ?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే, చుక్కకు పొడుగూ వెడల్పే గాని ఎత్తు లేదు. చుక్కను చూసి ఎవరి తలుపూ తట్టలేమని ఆయన స్పష్టంగా చెప్పారు. నా కాగితాన్ని మాత్రం చాలాసేపు చూసి, ఒక కానిస్టేబుల్‌ను తోడిచ్చారు. కాపలాదారు అభ్యంతరం చెప్పకుండా కిందికి రానిచ్చాడు. వాలుదారి సగం దిగేసరికి నా ఫోను మొదటిసారిగా ట్యాగును పట్టుకుంది. మోగించే మీట నొక్కాను. ఏమీ వినపడలేదు. దొంగకు వినపడకూడదని నేనే దాని నోటిమీద దళసరి స్పాంజి టేపు వేసి ఉంచిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. కానిస్టేబుల్ గోడకు చెవి ఆనించి చూశాడు, కోడిపిల్ల కిచకిచ లాంటిదేదో వినపడుతోందన్నాడు. చివరికి పని చేసింది, దగ్గరికి పోయినప్పుడు బాణం గుర్తుతో దూరాన్ని చూపించే సౌకర్యం: తొమ్మిది మీటర్లు, ఆరు, నాలుగు. పాత పరుపుల చాటున, టార్పాలిన్ కింద సైకిల్ ఉంది. బ్యాటరీ లేదు. హ్యాండిల్ మీది తెర పగిలి ఉంది. సీటు అడుగున ట్యాగు చెక్కుచెదరలేదు.

టేపు గురించి రెండు మాటలు చెప్పాలి. ఇలాంటి ట్యాగులను ఇతరుల సంచుల్లో, వాహనాల్లో రహస్యంగా పడేసి వెంటాడేవారు ఉన్నారు కాబట్టే, యజమానికి దూరంగా కొంతసేపు ఉన్న ట్యాగు తనంతట తాను మోగే ఏర్పాటు పెట్టారు. ఆపిల్ ట్యాగుల్లో మొదట మూడు రోజులుగా ఉన్న ఈ గడువును 2021 జూన్‌లో 8 నుంచి 24 గంటల మధ్యకు తగ్గించారు. 2024 మే నెలనుంచి ఆపిల్, గూగుల్ కలిసి రూపొందించిన ప్రమాణం ప్రకారం, తెలియని ట్యాగు వెంట వస్తుంటే ఐఫోన్లూ ఆండ్రాయిడ్ ఫోన్లూ రెండూ హెచ్చరిస్తాయి. అంటే సైకిల్ దొంగకూ ఆ హెచ్చరిక అందుతుంది. దీన్ని లోపమని తిట్టేవారితో నేను గొంతు కలపను, మనుషుల భద్రత నా సైకిల్ కంటే పెద్దది. ఆ లెక్కన నోటికి టేపు వేయడం కూడా తప్పే, ఇప్పుడు తీసేశాను. ఆ రాత్రి అది మోగిందో లేదో, మోగినా టేపు వల్లే దొంగకు వినపడలేదో ఏమో, ఆ ముక్క నిజాయితీగా చెప్పకపోతే బాగుండదు. మొత్తానికి ట్యాగును నమ్ముకుంటే, దాని సంగతి దొంగకు తెలిసిపోయేలోగా మన చేతిలో ఉండేది ఒక రాత్రీ ఒక పూట, అంతే.

కొనవచ్చా అని అడిగితే, నేను ఉండేది మనుషులు ఎడతెగకుండా తిరిగే చోట కాబట్టి ట్యాగు నాకు పనికొచ్చిందని మాత్రమే చెప్పగలను. సైకిల్‌ను వ్యానులో ఎక్కించి నిర్మానుష్యమైన చోట దించి ఉంటే, వినే ఫోనులేక అది గుడ్డి గవ్వకు కూడా కొరగాకపోయేది. జీపీఎస్ ట్రాకర్‌ను పారేయలేదు. దాని లోపలి బ్యాటరీ మార్పించాను, ఇప్పుడు నెలకొకసారి సైకిల్ బ్యాటరీని ఊడదీసి, అది ఎంతసేపు బతుకుతుందో చూస్తున్నాను. మొన్న ఐదు గంటలు వచ్చింది. ట్యాగులో సెల్లును ఏడాదికొకసారి మారుస్తున్నాను. చిన్నపిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్లు ఒకసారి వేస్తే నా ట్యాగు దాన్ని గుర్తించలేదు. పూతలేనిది వెతికి తెచ్చేసరికి రెండు రోజులు పట్టింది. సైకిల్‌ను కారుషెడ్డులో పెట్టి భద్రంగా తాళం వేసుకునే వీలున్నవారికి ఈ రెండూ అక్కర్లేకపోవచ్చు.

పోయిన బ్యాటరీ మళ్లీ దొరకలేదు. కొత్తది కొన్నాను. దానికి కూడా ఒక ట్యాగు పెట్టాలని చూశాను గాని, లిథియం సెల్లులున్న డబ్బాను విప్పే ధైర్యం లేక, బయట అతికించే చోటూ లేక ఊరుకున్నాను. సైకిల్ దిగిన ప్రతిసారీ దాన్ని ఊడదీసి భుజాన వేసుకుని పోతున్నాను.