కోళ్ల షెడ్డులో గోడౌన్, చేతికి నోటీసు: ఏది మేలు?

గుంటూరు నుంచి పొన్నూరు వైపు వెళ్తుంటే పొలాల్లో రేకుల షెడ్లు కనిపిస్తాయి. కోళ్ల కోసమో, మిరపకాయల కోసమో కట్టినవి. కొన్నిట్లో ఇప్పుడు టైల్సు, ప్లైవుడ్ ఉంటున్నాయి. మేత ధర తట్టుకోలేక మా బాబాయి కూడా కోళ్లు మానేసి షెడ్డు అద్దెకిచ్చాడు. అనుమతి లేకుండా గోడౌన్‌గా వాడుతున్నారని పోయిన నెల నోటీసు వచ్చింది. ఊరుకుందామా, సక్రమం చేయించుకుందామా, ఖాళీ చేయిద్దామా?

ఊరుకోవడమే అన్నిటికంటే ఖరీదు. ముందు చూసుకోవాల్సింది కరెంటు మీటరు. కోళ్ల ఫారానికిచ్చిన కనెక్షన్‌తో గోడౌన్ నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అది అనధికార వాడకం. ఎప్పట్నుంచి జరుగుతోందో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్కకట్టి, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు వేస్తారు. సరుకు అద్దెకున్నవాళ్లది, మీటరు మాత్రం బాబాయి పేరున ఉంది. నిప్పంటుకుంటే? కోళ్ల షెడ్డని రాయించిన బీమా ప్లైవుడ్ గోడౌన్‌కు అక్కరకొస్తుందని నేను నమ్మను.

సక్రమం చేయించుకోవడం మంచి దారే, అందరికీ కాదు. ‘నాలా (భూ వినియోగ మార్పిడి రుసుము) కట్టేశాం, ఇంకేం కావాలి?’ అంటారు చాలామంది. అక్కడే దెబ్బతింటారు. 2006 నాటి నాలా చట్టం కింద జరిగింది భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడం వరకే. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు వ్యవసాయ జోన్‌లో ఉంటే జోన్ మార్పు వేరు, భవనం ప్లాను అనుమతి వేరు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలిన ఖాళీ, అగ్నిమాపక ఏర్పాట్లు, అన్నీ చూస్తారు. మెయిన్ రోడ్డు మీద షెడ్డుండి, పదేళ్లు వ్యాపారం చేసే ఉద్దేశముంటే ఈ ఖర్చు పెట్టాల్సిందే.

బాబాయి షెడ్డు డొంకలో, అంటే పొలాల మధ్య బండ్ల బాట పక్కన ఉంది. లారీలు తిరిగి డొంక గుంటలు పడింది. మిరపకాయలు యార్డుకు తోలే రోజుల్లో పక్క రైతుల ట్రాక్టర్లు ఆగిపోయాయి. ఫిర్యాదు చేసింది వాళ్లేనని బాబాయికి కోపం. నాకైతే వాళ్ల మాటే న్యాయమనిపించింది. అంత ఇరుకు డొంకకు డబ్బు కట్టి గోడౌన్ అనుమతి తెచ్చుకోవాలనుకోవడం వృథా.

అందుకే ఖాళీ చేయించడానికే ఒప్పించాను. అద్దె పోతుంది, నిజమే. షెడ్డులో మన మిరప బస్తాలే పెట్టుకోవచ్చు. గడువు కోరుతూ నోటీసుకు రాసి జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. ఇక అద్దెకున్నాయనకు అడ్వాన్సు తిరిగివ్వాలి.