ఉద్ధృతమైన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కోసం ఒక యాప్‌తో నాలుగేళ్లు

ఒళ్లు గగుర్పొడిచే ఆర్కెస్ట్రా సంగీతం వినాలన్న కోరికతో నాలుగేళ్ల కిందట ఒక స్ట్రీమింగ్ యాప్‌కు చందా కట్టాను. 'ఎపిక్ క్లాసికల్' అని వెతికితే దాదాపు ప్రతి ప్లేలిస్టులోనూ ముందుగా ఎదురైనది జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ 1937లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తొలిసారి వినిపించిన 'కార్మినా బురానా' అనే బృందగాన కృతిలోని 'ఓ ఫోర్చునా'. మన సినిమాల్లో హీరో తెర మీదికి వచ్చేటప్పుడు వినిపించే కోరస్‌లకు తాతగారిలా ఉండే ఆ రెండున్నర నిమిషాల ముక్క మొదటి వారం అదరగొట్టింది, మూడో వారానికి విసుగు పుట్టించింది. ఆ ప్లేలిస్టుల్లో ఉరుము మీద ఉరుము తప్ప మబ్బు పట్టడమన్నది ఉండదు.

బీథోవెన్ ఐదో సింఫనీ విషయంలో ఈ లోపం నాకు స్పష్టంగా తెలిసింది. ప్లేలిస్టులు మొదటి మూవ్‌మెంట్‌తో (సింఫనీలోని ఒక్కో పెద్ద భాగాన్ని మూవ్‌మెంట్ అంటారు) సరిపెడతాయి. నన్ను కదలకుండా కూర్చోబెట్టినది మాత్రం మూడో మూవ్‌మెంట్ చివరి భాగం. అక్కడ తీగవాద్యాలు ఊపిరి బిగబట్టినట్లు నిలిచిపోగా, టింపనీ (గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్ము) ఒక్కటే అతి మెల్లగా కొట్టుకుంటూ ఉంటుంది, దాని మీదుగా వయొలిన్లు దారి వెతుక్కుంటున్నట్లు పైకి పాకుతాయి, ఆ తరువాత ఒక్కసారిగా ఆర్కెస్ట్రా అంతా సి మేజర్ స్వరశ్రేణిలో విరుచుకుపడుతుంది. అంతవరకు నోరు విప్పని ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాద్యాలు ఆ క్షణంలోనే చేరతాయి. మూడు, నాలుగు మూవ్‌మెంట్ల మధ్య విరామం లేదు, కానీ యాప్‌లో అవి రెండు వేర్వేరు ట్రాకులు. సినిమా పాటల కోసం నేనే ఎప్పుడో అయిదు సెకన్ల క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు తగ్గుతుండగానే తరువాతిది మొదలయ్యే సెట్టింగు) పెట్టుకుని మరచిపోయాను. ఫలితంగా టింపనీ సగంలోనే మసకబారి, ట్రాంబోన్లు దాని మీదికి ముందే జారిపోయేవి. ఆ ఘట్టాన్ని లోకమంతా ఎందుకు అంతగా పొగుడుతుందో అర్థం కాక ఏడాది గడిపాను. క్రాస్‌ఫేడ్ తీసివేసి, విరామం లేకుండా ట్రాకులు వినిపించే సెట్టింగు ఆన్ చేసిన రాత్రి, అదే రికార్డింగును, కార్లోస్ క్లైబర్ 1974లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసినదాన్ని, వరుసగా మూడుసార్లు విన్నాను. ఆలాపన మంద్రం నుంచి తారస్థాయికి చేరేదాకా ఓపిక పట్టే కర్ణాటక శ్రోతకు ఈ నిరీక్షణ కొత్తేమీ కాదు.

వాల్యూమ్ సంగతి వేరు. ఈ సంగీతంలో గుసగుసకూ గర్జనకూ మధ్య దూరం చాలా ఎక్కువ గనుక బస్సులో వినడం దండగ. వెర్డి 'రిక్వియెం'ను (మృతుల కోసం పాడే ప్రార్థన; రచయిత మాంజోనీ స్మృత్యర్థం 1874 మే 22న మిలాన్‌లో తొలి ప్రదర్శన) ఇంట్లో స్పీకర్ల మీద మొదలుపెట్టి, ప్రారంభంలోని చెల్లోలూ కోరస్ గొణుగుడూ వినబడక శబ్దం పెంచాను. కొద్ది నిమిషాల తరువాత తీర్పు దినాన్ని వర్ణించే 'డియెస్ ఇరే' భాగంలో ఆర్కెస్ట్రా నాలుగు దెబ్బలు కొట్టగానే పక్క గదిలో పసివాడు లేచి ఏడ్చాడు. తోలు బాగా బిగించి, దెబ్బ పొడిగా, బలంగా పడాలని వెర్డి స్వరలిపిలోనే రాసిన పెద్ద డ్రమ్ము అప్పటికింకా పూర్తిగా రంగంలోకి దిగలేదు.

వెతుకులాటలో యాప్ ఇప్పటికీ బలహీనమే. 'ఆర్టిస్ట్' గడిలో ఒకచోట స్వరకర్త, మరొకచోట కండక్టర్, ఇంకొకచోట ఆర్కెస్ట్రా పేరు ఉంటుంది. అందువల్ల స్వరకర్త పేరు, కృతి, కండక్టర్ కలిపి వెతకడం అలవాటు చేసుకున్నాను. కండక్టర్ మారితే కృతి అర్థమే మారవచ్చు కనుక ఆ శ్రమ తప్పదు. షోస్టకోవిచ్ ఐదో సింఫనీ ముగింపును బెర్న్‌స్టయిన్ 1959 రికార్డింగులో పరుగెత్తించగా అది విజయోత్సవంలా వినిపిస్తుంది; రొస్ట్రపోవిచ్ నెమ్మదిగా, బరువుగా నడిపించినప్పుడు అదే ముగింపు బలవంతంగా ఆనందించమని ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్లు ఉంటుంది. హోల్స్ట్ అనే స్వరకర్త 'ది ప్లానెట్స్'లోని 'మార్స్' కూడా బాగుంది గాని, ప్లేలిస్టుల పుణ్యమా అని అరిగిపోయింది.

చందా మళ్లీ కట్టాను. ప్రస్తుతం ఆదివారం ఉదయాలు గంటంపావు దాటే మాలర్ రెండో సింఫనీకి కేటాయించాను. మొదటి మూవ్‌మెంట్ తరువాత కనీసం అయిదు నిమిషాల విరామం ఇవ్వాలని మాలర్ స్వరలిపిలో రాశాడు. యాప్ ఆ మాట పట్టించుకోకుండా వెంటనే రెండోదానిలోకి దూకుతుంది కాబట్టి, అక్కడ నేనే ఆపి, వెళ్లి కాఫీ కలుపుకుంటాను.