రీడ్‌లైన్, లిబెడిట్: టెర్మినల్‌లో తెలుగు కొట్టేవాళ్ల కోసం

తెలుగు ఫైల్ పేర్లు, తెలుగు కమిట్ మెసేజ్‌లు (కోడ్‌లో చేసిన మార్పుకి రాసే వివరణలు) నాకు రోజువారీ పని. లినక్స్, మ్యాక్, విండోస్ మూడూ వాడక తప్పదు. రీడ్‌లైన్, లిబెడిట్ రెండూ టెర్మినల్‌లో కొట్టే లైన్‌ని దిద్దుకోనిచ్చే లైబ్రరీలు. బ్యాష్ అనే షెల్ (మన కమాండ్లు తీసుకుని నడిపే ప్రోగ్రాం) వెనకుండే రీడ్‌లైన్‌నీ, మ్యాక్‌తో పాటే వచ్చే లిబెడిట్‌నీ ఏళ్ల తరబడి వాడాక నా ఓటు రీడ్‌లైన్‌కే. అలాగని తెలుగు విషయంలో దానికి పూర్తి మార్కులేం పడవు.

అక్షరాలు సరిగ్గా లోపలికి వెళ్తాయా అన్న బెంగ ఇప్పుడు లేదు. 2002 నాటి 4.3 వెర్షన్ నుంచే రీడ్‌లైన్‌కి ఒకటికి మించిన బైట్లుండే అక్షరాలు తెలుసు. లొకేల్ (ఏ భాష, ఏ అక్షర సంకేతం వాడాలో సిస్టమ్‌కి చెప్పే సెట్టింగు) యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అయి ఉంటే చాలు. లొకేల్ సరిగ్గా లేని సర్వర్‌లోకి వెళ్తేనే తంటా. పై బాణం నొక్కి పాత కమాండ్ తెచ్చుకుంటే ‘క’ ఉండాల్సిన చోట \340\260\225 అని అంకెలు కనిపిస్తాయి. లొకేల్‌ని సీ.యూటీఎఫ్-8కి మారిస్తే సరిపోతుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే సీ లైబ్రరీ గ్లిబ్‌సీ 2.35 (2022) నుంచి ఆ లొకేల్ దాంతోనే వస్తోంది.

అసలు చిక్కంతా వెడల్పు దగ్గరే. ఒక్కో అక్షరం తెరమీద ఎన్ని గడులు ఆక్రమిస్తుందో డబ్ల్యూసీవిడ్త్ అనే ఫంక్షన్ చెబుతుంది, రీడ్‌లైన్ దాన్ని నమ్ముతుంది. గ్లిబ్‌సీ లెక్కలో గుడికి సున్నా గడులు, కొమ్ముకి ఒకటి. అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్ వాటిని రెండు వేరు వర్గాల్లో పెట్టింది మరి. సున్నా గడులది ముందున్న అక్షరంలో భాగం, ఒక గడిది విడి అక్షరం అన్నట్టు. అందుకని ‘కి’ మీద బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం పోతుంది, ‘కు’ మీద కొడితే కొమ్ము మాత్రమే పోయి ‘క’ మిగులుతుంది. తెలిసేవరకూ ఇది పిచ్చెక్కిస్తుంది.

ఇక ‘స్త్రీ’ సంగతి. లోపల 6 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే నంబర్లు), యూటీఎఫ్-8లో 18 బైట్లు, డబ్ల్యూసీవిడ్త్ ప్రకారం 3 గడులు. టెర్మినల్ దాన్ని ఒకే ముద్దగా గీసి తక్కువ జాగాలో సర్దేస్తే కర్సర్ ఒకచోట, కొట్టే అక్షరం ఇంకోచోట. ఇలాంటి తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుంపుగా చూడాలని యూనికోడ్ 15.1 (2023) చెప్పింది. కానీ ఒక్కో కోడ్‌పాయింట్‌నీ విడివిడిగా కొలిచే ఫంక్షన్‌కి ఆ గుంపు ఎలా తెలుస్తుంది? పైగా టెర్మినల్ వాడే వెడల్పు పట్టిక వేరు, సిస్టమ్ పట్టిక వేరు. రెండూ ఒప్పుకోనంతకాలం లైబ్రరీని తిట్టి లాభం లేదు.

విండోస్‌లో మరో మెలిక. అక్కడ డబ్ల్యూచార్_టీ (సీ భాషలో ఒక అక్షరాన్ని దాచే రకం) 2 బైట్లు, లినక్స్‌లో, మ్యాక్‌లో 4. తెలుగంతా 2 బైట్లలో ఇమిడిపోతుంది కాబట్టి మనకు ఇబ్బంది లేదు. ఎమోజీ అయితే రెండు ముక్కలవుతుంది. ముక్కల్నే అక్షరాలనుకునే ప్రోగ్రాముల్లో ఒక బ్యాక్‌స్పేస్‌కి సగం ఎమోజీయే పోతుంది. నేనైతే విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) తెరిచి అక్కడా రీడ్‌లైన్‌నే వాడుతున్నాను.

లిబెడిట్ చెడ్డదేం కాదు, బీఎస్‌డీ లైసెన్స్ కావాలనుకునేవాళ్లకి అది పనికొస్తుంది. కానీ పాత కమాండ్లు దాచే దాని హిస్టరీ ఫైల్‌లో ప్రతి ఖాళీ \040గా మారిపోతుంది, గ్రెప్‌తో (ఫైళ్లలో పదాలు వెతికే కమాండ్) వెతకడం నరకం. సెట్టింగులు కూడా రీడ్‌లైన్ చదివే ఇన్‌పుట్‌ఆర్‌సీ ఫైల్‌లో కాక ఎడిట్‌ఆర్‌సీలో మళ్లీ రాసుకోవాలి.

బ్యాష్‌లో రంగుల ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోటికి ముందు కనిపించే రాత) పెట్టుకునేవాళ్లు రంగు కోడ్‌లని \[ \] మధ్య పెట్టండి, లేకపోతే వెడల్పు లెక్క తప్పి, ఆ నేరం తెలుగు మీదికి నెట్టేస్తారు. తెలుగు వాక్యం కాస్త పొడుగైతే నేను కంట్రోల్-ఎక్స్ కంట్రోల్-ఈ నొక్కి ఎడిటర్‌లోకి వెళ్లిపోతాను.