గుంటూరులో ఈ చలికాలం నాటకాలు: పద్యానికి అయిదు, సౌండుకి రెండు

వాట్సాప్‌లో వచ్చిన కరపత్రంలో సాయంత్రం 6 గంటలకి అని ఉంది. హరిశ్చంద్రుడు స్టేజీ మీదికి వచ్చేసరికి 8 దాటి అయిదు నిమిషాలు అయింది. ఆ రెండు గంటలూ ఏం జరిగిందో చెప్తాను గానీ, ముందు ఒక మాట. గుంటూరులో ఉండి ఈ చలికాలం ఒక్క పద్యనాటకమైనా చూడకపోతే చాలా పోగొట్టుకున్నట్టే. నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకా చూడలేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మేం వెళ్ళింది ముగ్గురం. నేను, డెబ్బై ఆరేళ్ళ మా మామయ్యగారు, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి. కార్తీకం వెళ్ళిన దగ్గర్నుంచి సంక్రాంతి లోపల నాలుగు సాయంత్రాలు తిరిగాం, గుంటూరులో రెండు, బెజవాడలో రెండు. ఎక్కడా టికెట్టు లేదు, అన్నిచోట్లా ‘అందరూ ఆహ్వానితులే’. ఆటోలు, బస్సు, బజ్జీలు, పుస్తకాలు, అంతే ఖర్చు. వాడికి పరీక్షల టెన్షన్ ఉన్నా లాక్కెళ్ళాను, ఆ విషయంలో మా వారితో కాస్త మాట పట్టింపు కూడా అయింది.

మొదటిది హరిశ్చంద్ర. హాలు పేరు చెప్పను, ఊళ్ళో ఉన్న చిన్న హాళ్ళలో ఒకటి. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన అయ్యాక అతిథుల్ని ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలిచారు, తొమ్మిది మంది. తొమ్మిది మందికీ శాలువా, మెమెంటో, ఫోటో, తర్వాత తొమ్మిది ఉపన్యాసాలు. నాటకాన్ని బతికించుకోవాలి అని అందరూ అన్నారు, మనస్ఫూర్తిగానే అన్నారు, కాదనను. కానీ ఆ మాటలు జరుగుతుండగానే వెనక వరసల్లోంచి చుట్టుపక్కల పల్లెల వాళ్ళు ఆఖరి బస్సు చూసుకుని లేచి వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను. మంచినీళ్ళ కోసం పక్క గుమ్మంలోంచి వెళ్తే, మేకప్ గది తలుపు దగ్గర విశ్వామిత్రుడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం అంటించేసుకున్నాడు కాబట్టి గ్లాసు పట్టడం కుదరక టీని స్ట్రాతో తాగుతున్నాడు. అయిదు గంటల నుంచి అలాగే ఉన్నాం అమ్మా అన్నాడు. అంత బరువు బట్టలు, కిరీటాలు వేసుకుని మూడు గంటలు తెర వెనక కూర్చోబెట్టి, తీరా టైము చాలదని నక్షత్రకుడి సీను సగానికి కోయించారు. మా వాడు పడీపడీ నవ్వుతున్న సీను అదే. అప్పులవాడిలా వెంటపడి పీడించే ఆ నక్షత్రకుడి వేషం వేసినాయన నడకలోనే నవ్వు ఉంది. అలాంటాయన్ని మధ్యలో ఆపించారు.

నిర్వాహకులకి నా విన్నపం ఒకటే. సన్మానాలు నాటకం అయ్యాక పెట్టండి. శాలువా కప్పేటప్పుడు ఆ నటులు వేషాల్లోనే పక్కన నిలబడి ఉంటారు, ఫోటోకీ బాగుంటుంది, ముందు చప్పట్లు ఎవరికి పడాలో వాళ్ళకి పడతాయి.

ఇక నాటకం. ఇది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, మన జిల్లా కవి. మొదటి అరగంటా మా అబ్బాయి ఫోను తీస్తూ పెడుతూ ఉన్నాడు. సీను మారాక ఒక్కసారిగా నా చెయ్యి గోకి, “అమ్మా, హరిశ్చంద్రుడు మారిపోయాడేంటి, ఇందాక లావుగా ఉన్నాడుగా” అన్నాడు. మామయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. “ఒక్క గొంతు అన్ని పద్యాలు పాడితే నిలుస్తుందట్రా? మా రోజుల్లో రాత్రి పదింటికి మొదలుపెడితే తెల్లారేది. అందుకని పంచుకునేవాళ్ళు. ఇప్పుడొచ్చినాయన రెండో హరిశ్చంద్రుడు. కాటిసీనుకి ఇంకొకాయన వస్తాడు చూడు, ఆయన కోసమే జనం కూర్చుంటారు” అన్నారు. నిజంగానే కరపత్రంలో చివరి పేరే అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

ఆయన వచ్చారు. గోచీ, భుజాన కర్ర, ఒళ్ళంతా బూడిద. వయసు అరవై పైనే ఉంటుందని నా అంచనా. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనిస్టు వైపు కూడా చూడలేదు, హార్మోనిస్టే ఆయన్ని చూస్తున్నాడు. మేం ఎడమవైపు మూడో వరసలో ఉన్నాం, హార్మోనియం మాకు పది అడుగుల్లో ఉంది కాబట్టి ఇది బాగా కనపడింది. నటుడు ఊపిరి పీల్చుకునే లోపల హార్మోనిస్టు వేలు మెట్టు మీద ఆని ఉంటుంది, నొక్కదు. గొంతు లేచిన క్షణంలోనే నొక్కుతాడు. పద్యం చివర రాగం తీసుకుంటూ ఆయన ఎక్కడికెక్కడికో వెళ్తుంటే ఇతను వెనకే వెళ్తాడు, ఆయన ఆగితే ఇతనూ ఆగుతాడు. కాగితం లేదు, సైగ లేదు. ముందు వరసలో ఒక పెద్దాయన “వన్స్ మోర్” అని అరిచారు, నలుగురు అందుకున్నారు, ఆయన రెండోసారి ఇంకో రకంగా పాడారు. అదే పద్యం, అదే మనిషి, ఈసారి గొంతు తగ్గించి. మొదటిసారి చప్పట్లు కొట్టిన హాలు రెండోసారి కాసేపు కొట్టలేదు.

ఈ సీనులో పాడే పద్యాలు కొన్ని బలిజేపల్లి వారివి కావని చాలామందికి తెలియదు, నాకూ ఆరోజే తెలిసింది. శ్మశానం గురించిన ఆ పద్యాలు గుర్రం జాషువా గారివి. ఆయన విడిగా రాసుకున్న ఖండికని నటులు తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు, జనం వాటిని వదల్లేదు. మా మామయ్యగారు కుర్రతనంలో టీ కొట్లో, హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ నటుడు డి.వి. సుబ్బారావు గారి కాటిసీను రికార్డు వింటూ ఈ పద్యాలన్నీ నోటికి పట్టారట, ఎవరు రాశారో అప్పట్లో ఎవరూ చెప్పలేదు. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టి, 1971లో గుంటూరులోనే కన్నుమూశారు. అంటరానితనాన్ని ఒంటి మీద అనుభవించిన కవి, చావు దగ్గర రాజూ పేదా ఒకటే అని రాసిన పద్యాలు, కాటికాపరిగా మారిన రాజు నోట, ఆ కవి బతికిన ఊళ్ళో వింటున్నాం. మా వాడికి తెలుగు పాఠంలో జాషువా గారు ఉన్నారు, కవి పరిచయం బట్టీ పట్టాడు. ఆ రాత్రి ఆటోలో “ఆయనేనా?” అని రెండుసార్లు అడిగాడు.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. చంద్రమతి వేషం వేసినామె లోహితుణ్ణి ఒళ్ళో వేసుకుని ఏడ్చే చోట, ఆ పిల్లాడికి ఏడెనిమిదేళ్ళు ఉంటాయేమో, బుగ్గ మీద దోమ వాలింది. గుంటూరు దోమల సంగతి చెప్పక్కర్లేదు. వాడి కనురెప్ప కొద్దిగా కదిలింది, పాపం కదలకూడదు, చచ్చిపోయిన పిల్లాడు కదా. ఆమె పద్యం ఆపకుండా, కొడుకు మొహం చివరిసారి తుడుస్తున్నట్టు కొంగుతో ఆ దోమని తోలేసింది. అది దోమ కోసమని మూడో వరస దాటి ఎవరికీ తెలిసి ఉండదు. మామయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సౌండు గురించి మాత్రం కోపంగానే రాస్తున్నాను. పెళ్ళిళ్ళకి పెట్టే బాక్సులు తెచ్చి పెట్టారు, ఎకో విపరీతంగా పెంచారు. పద్యంలో ప్రాస, యతి, ఆ మాటల విరుపు, అదంతా వినపడాలి. ఎకోలో ఒక పాదం చివర ఇంకో పాదం మొదలు మీద పడి కలిసిపోతుంటే కొత్తగా వచ్చినవాళ్ళకి ఏం అర్థమవుతుంది? హార్మోనియానికి తోడు కీబోర్డు ఒకటి, దాని వాల్యూం తబలాని మింగేసింది. రెండో హరిశ్చంద్రుడి కాలర్ మైకు జరీ అంచుకి రాసుకుని సీనంతా గరగర. పద్యనాటకానికి స్టేజీ ముందు రెండు మంచి స్టాండ్ మైకులు చాలు, వాళ్ళ గొంతులకి అంతకన్నా అక్కర్లేదు. ఆడవాళ్ళ బాత్‌రూమ్‌లో లైటు లేదు, ఫోను టార్చితో వెళ్ళాల్సి వచ్చింది. ఇవి సరిచేయడానికి పెద్ద డబ్బు కూడా అవసరం లేదు.

తర్వాత వారం సాంఘిక నాటికల పోటీ, ఇదీ గుంటూరులోనే. నాటక సంఘాలు పెట్టే ఈ పరిషత్తు పోటీలంటే మన ప్రాంతానికి కొత్తేం కాదు, ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిందే 1929లో తెనాలిలో. 2023 డిసెంబరులో నంది నాటకోత్సవాలు వారం పాటు గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగితే మా వీధిలో ఉండి కూడా వెళ్ళనివాళ్ళు ఎంతమందో, అందులో మేమూ ఉన్నాం. ఈసారి ఒక రాత్రిలో మూడు నాటికలు చూశాం. న్యాయనిర్ణేతలు ముందు వరసలో చిన్న లైటు కింద మార్కులు వేసుకుంటూ ఉంటారు, నాటికకీ నాటికకీ మధ్య కుర్రాళ్ళు సోఫా, కిటికీ, దేవుడి పటం మోసుకొచ్చి ఇల్లు కట్టేస్తుంటారు, ఆ కట్టడం చూడటం కూడా మా వాడికి బాగా నచ్చింది. మొదటి రెండూ అరుపులే. తండ్రి అరుస్తాడు, కొడుకు అరుస్తాడు, చివర్లో అందరూ ఏడుస్తారు. మూడోది కౌలు రైతు ఇంటి కథ. భార్య మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటుంది, మొగుడు గుమ్మంలో నిలబడి ఏమీ మాట్లాడడు, ఒకటి రెండు నిమిషాలు ఆ తొడిమలు తుంచే చప్పుడే. ఆ నిశ్శబ్దం రాసిన మనిషికి, అంతసేపు ఆగగలిగిన నటులకి దండం పెట్టాలనిపించింది. దానికి బహుమతి వచ్చిందో లేదో తెలిసేదాకా మేం ఉండలేదు, పదకొండున్నర అయిపోయింది. ఆ టైములో ఆటోవాళ్ళు చెప్పిందే రేటు.

బెజవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో కూచిపూడి నృత్యనాటకం భామాకలాపం చూశాం. పదాలు రాసిన క్షేత్రయ్యది మొవ్వ, దాని పక్కనే కూచిపూడి, అంటే హాలు పేరూ ఆటా రెండూ పక్కపక్క ఊళ్ళవే. ఇద్దరు అమ్మాయిలు తెర పట్టుకుంటే సత్యభామ కనపడకుండా ముందు జడ మాత్రం తెర మీద వేస్తుంది. ఇన్నాళ్ళూ అది అలంకారం అనుకున్నాను. నన్ను మించినవాళ్ళుంటే రండి అని సవాలు విసరడమట అది. ఆ రోజు పాట రికార్డింగు కాదు, తాళాలతో ఆట నడిపించే నట్టువాంగం, మృదంగం, వయొలిన్ అన్నీ పక్కనే కూర్చుని వాయించారు. చెప్పిన టైముకి పది నిమిషాల తేడాతో మొదలైంది, మేం గుంటూరు బస్సు హాయిగా అందుకున్నాం. అలా పెట్టగలిగినవాళ్ళు ఉన్నారు కాబట్టే మిగతావాళ్ళని అడుగుతున్నాను.

బెజవాడ పుస్తకాల పండగకి జనవరిలో ఒక పూట వెళ్ళాం. 1989 నుంచి జరుగుతోంది, నా పెళ్ళయిన కొత్తలో స్వరాజ్య మైదానంలో చూసిందానికి ఈ మధ్య ఇందిరాగాంధీ స్టేడియంలో చూసేదానికి దుమ్ము తప్ప పెద్ద తేడా లేదు, ఆ దుమ్ములోనే మా వాడు జాషువా పుస్తకం ఒకటి ఏరి తెచ్చుకున్నాడు. నేను కొనమని చెప్పలేదు.

కొత్తగా వెళ్ళేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తాను. భోంచేసి వెళ్ళండి, లేదా జేబులో ఏదన్నా పెట్టుకోండి, మధ్యలో బయటికొస్తే చోటు పోతుంది. పెద్ద బాక్సుల ఎదురుగా కూర్చోవద్దు. పద్యనాటకమైతే ముందురోజు కథ పిల్లలకి చెప్పి తీసుకెళ్ళండి, పద్యం సగం అర్థం కాకపోయినా వాళ్ళు కథని పట్టుకుని వెళ్ళిపోతారు. మధ్యలో నచ్చితే గట్టిగా చప్పట్లు కొట్టండి, వన్స్ మోర్ అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. అయిపోయాక మేకప్ గది దగ్గరికి వెళ్ళి ఒక మాట చెప్పి రండి. ఆ కాటి హరిశ్చంద్రుడి దగ్గరికి మామయ్యగారు వెళ్ళి చేతులు పట్టుకుంటే, ఆయన బూడిద చేతులు వెనక్కి లాక్కుని, “అంటుకుంటుంది బాబాయిగారూ” అన్నారు. మామయ్యగారు వదల్లేదు.

ఈ శనివారం మళ్ళీ ఒకటి ఉందట, గయోపాఖ్యానం. కరపత్రంలో ఆరు అని ఉంది. మేం ఆరుకే వెళ్తున్నాం, ఫ్లాస్కులో కాఫీతో. వస్తే ఎడమవైపు హార్మోనియం పక్క వరసల్లో చూడండి, అక్కడే ఉంటాం.