సచ్చినా ఓటు సావదు: బ్లడ్ ఆన్ ద క్లాక్‌టవర్ ఆట సమీక్ష

అబద్ధమాడటమే పనిగా పెట్టుకున్న ఆటలు మనకు కొత్తవి కావు. చీటీలు మడిచి గచ్చు మీద వేసి, రాముడి చీటీ వచ్చినవాడు అందరి ముఖాలూ చూసి సీతను పట్టుకోవలసిన ఆట ఆడకుండా పెద్దవాళ్లయినవారు వరంగల్ వైపు తక్కువ. ఇంజనీరింగు హాస్టళ్లలోనూ, కాజీపేటలో ఎక్కిన దూరప్రయాణపు రైళ్లలోనూ పేకముక్కలు పంచుకుని ఆడే మాఫియా కూడా ఈ తెగకు చెందినదే. 1986లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్ర విద్యార్థిగా ఉన్న దిమిత్రీ దావిదోవ్ దానిని తయారుచేశాడు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ అదే ఆటకు తోడేలు వేషం వేసి వేర్‌వోల్ఫ్ అనే ఆటగా మార్చాడు. ఆ రెండింటిలోనూ ఉన్న లోపాలను ఒక్కొక్కటిగా ఎంచి సరిదిద్దాలన్న పట్టుదలతో రూపొందించిన ఆట బ్లడ్ ఆన్ ద క్లాక్‌టవర్. సిడ్నీకి చెందిన స్టీవెన్ మెడ్‌వే దీని రూపకర్త, పాండమోనియం ఇన్‌స్టిట్యూట్ దీని ప్రచురణ సంస్థ. 2019లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్ ద్వారా సొమ్ము సేకరించగా, పెట్టెలు కొనుగోలుదారుల చేతికి చేరేసరికి 2022 అయింది. హనుమకొండలో మా బంధువర్గమూ, ఇరుగుపొరుగు పిల్లలూ కలిసి దీనిని సెలవు రాత్రుల్లో ఆడుతున్నారు కాబట్టి, కొనదలచినవారికి పనికివచ్చే సంగతులను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కథ చిన్నది. రావెన్స్‌వుడ్ బ్లఫ్ అనే ఊరిలో మనిషి రూపంలో ఒక దయ్యం తిరుగుతున్నది; అది రాత్రికొకరిని చంపుతుంది, ఊరు పగటిపూట ఓటువేసి ఒకరిని ఉరితీస్తుంది. దయ్యం ఉరికెక్కితే మంచివాళ్లు గెలుస్తారు, ఇద్దరే బతికి మిగిలితే దయ్యపు పక్షం గెలుస్తుంది. ఆటగాళ్లు 5 నుంచి 15 మంది వరకు ఉండవచ్చు. ట్రావెలర్లు అనే ప్రత్యేక పాత్రలతో 20 మంది దాకా సర్దుకోవచ్చు. వీరికి తోడు ఆటను నడిపే కథకుడు ఒకరు వేరుగా ఉండాలి. బతికున్న ప్రతి ఆటగాడూ రోజుకు ఒకసారి ఒకరి మీద నామినేషన్ వేయవచ్చు, ఒక మనిషి మీద రోజుకు ఒక్క నామినేషనే చెల్లుతుంది. బతికున్నవారిలో కనీసం సగంమందికి సమానమైన ఓట్లు పడితే తప్ప ఉరి లేదు. ఎక్కువ ఓట్లు ఇద్దరికి సమానంగా పడినా ఉరి లేదు. సర్పంచ్ ఎన్నికలు చూసిన మనవాళ్లకు ఈ భాగం వివరించడానికి అయిదు నిమిషాలు చాలు.

మాఫియాలో అందరినీ బాధించే విషయం ఒకటుంది. మొదటి రాత్రి చనిపోయినవాడు మిగిలిన ఆటంతా గోడకానుకుని ఫోను చూసుకుంటూ కూర్చోవాలి. ఇక్కడ చనిపోయినవారు కూడా మాట్లాడవచ్చు, చెవిలో గుసగుసలాడవచ్చు, పక్కకు పిలిచి మంతనాలు చేయవచ్చు. వారు కోల్పోయేది నామినేషన్ వేసే హక్కునూ, చాలావరకు తమ పాత్ర శక్తినీ మాత్రమే. పైగా మిగతా ఆట మొత్తానికీ వారికి ఒక్క ఓటు మిగిలే ఉంటుంది. మృతుల ఓట్లు పడటం మన ప్రాంతపు ఓటర్ల జాబితాలకు వింతేమీ కాదు గానీ, ఆ ఓటును నియమంగా మార్చి, ఎప్పుడు వాడాలన్న లెక్కను ఆటగాడి చేతికివ్వడం అసలైన ప్రతిభ. మా మేనత్త రెండో రాత్రే చనిపోయి, ఆ తరువాత జరిగిన ఉరి ప్రతిపాదనల్లో ఒక్కదానికి కూడా చెయ్యెత్తలేదు. ఆఖరు రోజుకు ముగ్గురే బతికి ఉన్నారు, ఉరికి రెండు ఓట్లు చాలు. తనను నమ్మమని బతిమాలుతున్న మేనల్లుడిని ఆమె నిదానంగా చూసి, "సచ్చింది నేను బిడ్డా, నా ఓటు సావలే" అంటూ చెయ్యెత్తింది. అతడే దయ్యం. బతికున్నవారికంటే చనిపోయినవారే ఆఖరు రోజున బలవంతులు కావడం ఈ ఆటలో తరచుగా జరుగుతుంది. అందుకే తొందరపడి ఓటు ఖర్చుచేసుకున్న మృతుడిని చూసి అందరూ జాలిపడతారు.

ఇక పాత్రల రూపకల్పన విషయం. పెట్టెలో మూడు పాత్రల సంపుటులు ఉన్నాయి, మొదటిదైన ట్రబుల్ బ్రూయింగ్‌లో 22 పాత్రలు: ఊరివాళ్లు 13, మంచి పక్షంలోనే ఉన్నా తమవారికి ఇబ్బంది తెచ్చే అవుట్‌సైడర్లు 4, దయ్యానికి సాయపడే మినియన్లు 4, ఇంప్ అనే దయ్యం ఒకటి. ఏ శక్తీ లేని వట్టి గ్రామస్థుడు అనే పాత్ర ఇందులో లేదు. తన ఇరుపక్కలా బతికున్నవారిలో చెడ్డవాళ్లు ఎందరో ఎంపాత్‌కు ప్రతి రాత్రీ తెలుస్తుంది. పక్కవాడు చనిపోతే ఆవలి మనిషి లెక్కలోకి వస్తాడు కాబట్టి, నిన్నటి అంకెనూ ఇవాళ్టి అంకెనూ పోల్చుకోవచ్చు. అండర్‌టేకర్‌కు ఆ పగలు ఉరికెక్కినవారి పాత్ర తెలుస్తుంది. ఫార్చ్యూన్ టెల్లర్ రాత్రికి ఇద్దరిని చూపి వారిలో దయ్యం ఉందా అని అడుగుతుంది, అయితే మంచివాళ్లలోనే ఒకరు ఆమెకు మాత్రం దయ్యంలా కనిపిస్తూ ఉంటారు. ఇన్ని ఆధారాలు ఇచ్చాక ఆట తేలిపోవాలి కదా అన్న సందేహం సహజం. అలా తేలిపోకుండా కాపాడేవి రెండు పాత్రలు: డ్రంక్, పాయిజనర్. మా ఇంట్లో తాగుబోతు అని పిలుచుకునే డ్రంక్‌కు తాను డ్రంక్ అన్న సంగతే తెలియదు. సంచిలోంచి తీసుకున్న బిళ్ల మీద ఎంపాత్ అనో, అండర్‌టేకర్ అనో ఉంటుంది, కథకుడు రాత్రి లేపి అంకె కూడా చెబుతాడు, ఆ అంకె మాత్రం తప్పు కావచ్చు. పాయిజనర్ రాత్రికొకరికి విషమిచ్చి ఆ మనిషి శక్తిని చెడగొడుతుంది. కనుక ఈ ఆటలో ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడా అని అడిగితే సరిపోదు. నిజం చెబుతున్నవాడికి అందిన సమాచారం నిజమైనదేనా అని కూడా అడగాలి. మాఫియా ఆడి ఆరితేరినవారు తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఈ గందరగోళం గుడ్డి అదృష్టంగా మారకుండా ఆపేది అవుట్‌సైడర్ల లెక్క. ఎనిమిది మంది ఆడితే ఊరివాళ్లు 5, అవుట్‌సైడర్ 1, మినియన్ 1, దయ్యం 1 అని నియమం అందరికీ తెలుసు. మినియన్లలో బ్యారన్ అనే పాత్ర ఆటలో ఉంటే ఇద్దరు ఊరివాళ్లు తగ్గి, ఇద్దరు అవుట్‌సైడర్లు పెరుగుతారు. ఇప్పుడు ఒకరు తాను సెయింట్‌నని, ఇంకొకరు తాను రెక్లూజ్‌నని చెప్పారనుకుందాం; రెండూ అవుట్‌సైడర్ పాత్రలే. ఇద్దరూ నిజమే చెబుతుంటే లెక్క ఒకటి దగ్గర ఆగదు, మూడుకు చేరాలి. అంటే ఆటలో బ్యారన్ ఉన్నాడు, మూడో అవుట్‌సైడర్ పేరు బయటపెట్టక దాక్కున్నవాడన్నా కావాలి, తానెవరో తనకే తెలియని డ్రంక్ అన్నా కావాలి. ఉన్న ఒక్క మినియన్ బ్యారన్ అయినప్పుడు పాయిజనర్ లేనట్టే కాబట్టి, శక్తి చెడినవాడంటూ ఉంటే అది డ్రంక్ ఒక్కడే. అలా కాకపోతే ఆ ఇద్దరిలో ఒకరైనా అబద్ధమాడుతున్నారు. ఒక చిన్న కూడిక నుంచి ఇంత దూరం రావచ్చునని తెలిసిన రోజున, ఇంటర్ చదివే పిల్లలు కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. సెయింట్‌ను ఉరితీస్తే మంచి పక్షం అక్కడికక్కడే ఓడిపోతుంది కనుక, తాను సెయింట్‌నని చెప్పుకునేవాడిని ముట్టుకోవడానికి అందరూ జంకుతారు, దయ్యం కూడా ఆ జంకును వాడుకుంటుంది.

మంచివాళ్లకు కూడా అబద్ధమాడే అవసరం కల్పించడం నాకు అన్నింటికంటే నచ్చిన అంశం. రావెన్‌కీపర్ రాత్రిపూట చనిపోతే ఒకరిని ఎంచుకుని వారి పాత్ర తెలుసుకుంటుంది. సోల్జర్‌ను దయ్యం చంపలేదు. ఈ ఇద్దరూ దయ్యం తమ మీదికే రావాలని కోరుకోవాలి, కనుక తాము ఫార్చ్యూన్ టెల్లర్ వంటి విలువైన పాత్రలమని నటించాలి. నిజంగా విలువైనవాళ్లు మాత్రం తాము ఎందుకూ కొరగానివాళ్లమని చెప్పుకుని తిరగాలి. ఫలితంగా, అబద్ధం పట్టుబడగానే దొంగ దొరికినట్టు కాదు. ఆ అబద్ధం ఎవరికోసం ఆడారన్నది తేలాలి. రోజులు గడిచే కొద్దీ, శక్తి ఉందని చెప్పుకుంటూ ఇంకా ప్రాణాలతో ఉన్నవారి మీద అనుమానం సహజంగానే పెరుగుతుంది. "రోజూ నిజం తెలుస్తుందంటున్నవ్, మరి నిన్నెందుకు ఇడిచిపెట్టింది అత్తా?" అని పదో తరగతి పిల్ల నలుగురిలో అడిగినప్పుడు, పెద్దరికం ఏ మాత్రం అక్కరకు రాదు. మామూలు రోజుల్లో మాట తిరిగి అనలేని వరుసలున్నవారు ఈ ఆటలో ఒకరినొకరు నిలదీయగలగడం, ఎవరూ దానిని మనసులో పెట్టుకోకపోవడం మా ఇంట్లో దీనికి దక్కిన ఆదరణకు ఒక కారణం. అయితే ఉన్న తగాదాలు ఇంకా ఆరని కుటుంబంలో దీనిని తెరవవద్దని నిక్కచ్చిగా చెబుతాను.

చెడ్డపక్షం చేతిలో కూడా మంచి పనిముట్లే ఉన్నాయి. ఏడుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఆడేటప్పుడు, ఆటలో లేని మూడు మంచి పాత్రల పేర్లు దయ్యానికి మొదటి రాత్రే తెలుస్తాయి; వాటిని అడ్డుపెట్టుకుని నిర్భయంగా బొంకవచ్చు. అనుమానం బలపడితే ఇంప్ రాత్రిపూట తనను తానే చంపుకోవచ్చు, అప్పుడు బతికున్న మినియన్లలో ఒకరు ఇంప్‌గా మారతారు. పొద్దున లేచి చూస్తే ఊరంతా అనుమానించిన మనిషే శవమై ఉంటాడు, అతడు నిర్దోషి అనుకుని సగంమంది చల్లబడతారు. అయిదుగురో అంతకంటే ఎక్కువమందో బతికి ఉండగా దయ్యం చనిపోతే, స్కార్లెట్ వుమన్ అనే మినియన్ దయ్యమవుతుంది. ఉరి పడ్డాక కూడా ఆట ఎందుకు ముగియలేదన్న నిశ్శబ్దంలో అందరూ వెనక్కి వెళ్లి మొదటి రోజు మాటలను మళ్లీ తూకం వేయవలసి వస్తుంది.

అన్ని పాత్రలూ సమానంగా పండలేదు. బట్లర్ రాత్రికొక యజమానిని ఎంచుకుని, మరునాడు ఆ యజమాని ఓటేస్తేనే తానూ ఓటేయాలి. దీనికి వేరే శక్తి లేదు, చాలామందికి విసుగు. పెద్దమనిషి చెయ్యెత్తితే తప్ప తాను ఎత్తని మనిషి మన ఊళ్లలో నిజంగానే ఉంటాడు కాబట్టి, ఆ వేషాన్ని రక్తి కట్టించినవారు మా గుంపులో లేకపోలేదు, అయినా మొదటిసారి ఆడేవారికి ఈ బిళ్ల ఇవ్వకపోవడమే మేలు. ఆటగాళ్లు అయిదారుగురే అయితే ఆట పలచబడుతుంది; ఎనిమిది దాటాక గానీ చిక్కబడదు.

ఆట బాగోగులు చివరికి కథకుడి మీదే ఆధారపడి ఉన్నాయి, కొనేముందు దీనిని గట్టిగా ఆలోచించాలి. అందరి పాత్రలూ అమర్చి ఉండే గ్రిమోయర్ అనే పుస్తకం వంటి పెట్టె కథకుడి దగ్గర ఉంటుంది. డ్రంక్‌కు ఏ తప్పుడు అంకె చెప్పాలి, ఫార్చ్యూన్ టెల్లర్‌కు ఎవరిని దయ్యంగా చూపాలి, మేయర్ అనే ఊరివాడిని రాత్రి చంపబోతే ఆ చావును ఇంకొకరి మీదికి మళ్లించాలా వద్దా అన్నవన్నీ అతడే నిర్ణయించాలి. ఆఖరు రోజు దాకా ఉత్కంఠ నిలిచేలా, ఏ పక్షాన్నీ గెలిపించకుండా ఈ నిర్ణయాలు ఉండాలి. ఓడినవాళ్లు, "కథ చెప్పినోళ్లే మమ్మల్ని ముంచిన్రు" అని గొణగడానికి ఇది చాలినంత సందు ఇస్తుంది, ఆ గొణుగుడు ప్రతిసారీ అన్యాయం కాదు. మా కథ నడిపేది మా మరదలు. నియమాల పుస్తకాన్ని వారం రోజుల ముందే చదివి, రాత్రి ఎవరిని ఏ వరుసలో లేపాలో పలకమీద రాసుకుంటుంది. మనిషిని లేపడానికి నడిచే అడుగుల చప్పుడు, బిళ్లలు కదిలే చప్పుడు బయటపడితే ఆట చెడుతుంది. ఎండాకాలంలో ఎయిర్ కూలర్ హోరులో ఏదీ వినబడదు గానీ, చలికాలంలో ఆమె కావాలనే గదంతా తిరిగి అందరి వెనకా ఒక్కొక్క క్షణం ఆగుతుంది.

పెట్టె నాణ్యతకు వంక పెట్టలేను. బిళ్లలు మందంగా ఉన్నాయి, బొమ్మలు దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా ఉన్నాయి, గ్రిమోయర్‌లో మృతుల బిళ్లల మీద పెట్టే చిన్న ముసుగులు పిల్లలకు తెగ నచ్చాయి. ధర మాత్రం బరువే. చౌరస్తా చుట్టుపక్కల నేను అడిగిన ఆటవస్తువుల దుకాణాల్లో క్యారమ్స్, చదరంగం, ఊనో తప్ప ఇది లేదు. బయటి నుంచి తెప్పించుకుంటే రవాణా, సుంకం కలిసి అసలు ధరకు గట్టిగానే తోడవుతాయి. పాత్రలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నందువల్ల, పెద్దవాళ్లకోసం 22 పాత్రల వివరాలనూ తెలుగులో ఒక్కో కాగితం మీద రాసి ఇవ్వవలసి వచ్చింది. పాత్రల జాబితాలూ నియమాలూ ప్రచురణ సంస్థే ఉచితంగా అందుబాటులో ఉంచింది కనుక, ముందుగా క్యారమ్ కాయిన్ల మీద కాగితం అంటించి పేర్లు రాసుకుని, చేతిసంచిలో వేసి ఆడి చూడటం తెలివైన పని. ఆటలో తేడా ఏమీ రాదు, అందం ఒక్కటే తగ్గుతుంది.

ఆలస్యంగా వచ్చేవారికి ట్రావెలర్ పాత్రలు ఉన్నాయి: పాత్ర ఏమిటో అందరికీ తెలుస్తుంది, ఏ పక్షమో తెలియదు, వారిని ఉరితీయరు గానీ అందరూ కలిసి ఊరినుంచి వెలివేయవచ్చు. పెళ్లి భోజనం ముగించుకుని సగం ఆటలో దిగే చుట్టాలకు ఇది బాగా కుదిరింది. మిగతా రెండు సంపుటులలో బ్యాడ్ మూన్ రైజింగ్ చావుల మీద నడుస్తుంది, ఒక రాత్రిలో ఇద్దరు ముగ్గురు పోవచ్చు. సెక్ట్స్ అండ్ వయొలెట్స్‌లో వోర్టాక్స్ అనే దయ్యం ఉన్నంతకాలం ఊరివాళ్ల శక్తులు చెప్పేదంతా అబద్ధమే అవుతుంది. ట్రబుల్ బ్రూయింగ్ బాగా అలవడకముందే వీటిని తెరిస్తే పెద్దవాళ్లు లేచి వెళ్లిపోతారు. నెలకు ఒకటి రెండుసార్లు పదిమంది కూడే ఇంటికి మొదటి సంపుటి ఒక్కటే ఏడాదికి సరిపోతుంది కాబట్టి, పెట్టెలో మూడు ఉన్నాయన్న లెక్కతో ధరను సమర్థించుకోనవసరం లేదు.