చెట్లున్న పొలానికి 38 హెచ్‌పీ ట్రాక్టర్: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

మా 12 ఎకరాల పొలంలో దాదాపు ఏడెకరాలు చెట్లే. ఆ భూమి కోసం మూడేళ్ల కిందట ముందు లోడర్ ఉన్న 38 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్ కాంపాక్ట్ ట్రాక్టర్ కొన్నాను. దానికి ముందు రెండేళ్లు 24 హెచ్‌పీ బండితో నెట్టుకొచ్చాను. ఒక వేసవిలో తెలిసినవారి 55 హెచ్‌పీ ట్రాక్టర్‌తో నెల రోజులు పనిచేసే అవకాశం కూడా వచ్చింది. ఒకే నేల మీద, అవే చెట్ల మధ్య మూడు సైజులనూ నడిపి చూశాను కాబట్టి, చెట్లున్న భూమికి ట్రాక్టర్ కొనాలనుకునేవారికి ఈ అనుభవం ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి బండి విషయంలో నేను హెచ్‌పీ అంకెను చూసి పొరపాటు పడ్డాను. బానెట్ మీద రాసి ఉండేది ఇంజన్ శక్తి. పొదలు నరికే స్లాషర్ వంటి పనిముట్టును తిప్పేది పీటీవో, అంటే పనిముట్లకు ఇంజన్ శక్తిని అందించే వెనక ఇరుసు, దగ్గర మిగిలే శక్తి. ఆ 24 హెచ్‌పీ బండికి హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (గేర్లకు బదులు నూనె ఒత్తిడితో చక్రాలను నడిపే ఏర్పాటు) కూడా ఉండటంతో పీటీవోకు చేరేది 18 హెచ్‌పీ మాత్రమే. స్లాషర్‌కు అడుగు వెడల్పుకు సుమారు 5 హెచ్‌పీ కావాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. అమ్మినవారు ఆ లెక్క చెప్పకుండా ఆరడుగుల స్లాషర్‌ను అంటగట్టారు. బొటనవేలు మందం ఉన్న పొద తగిలితే చాలు, ఇంజన్ మూలుగుతూ ఆగిపోయేది. ఇప్పటి బండి గేర్లది, పీటీవో దగ్గర 32 హెచ్‌పీ ఇస్తుంది; ఐదడుగుల స్లాషర్‌ను దట్టమైన పొదల్లోనూ ఆగకుండా తిప్పుతుంది.

అయితే చెట్ల మధ్య పనికి హెచ్‌పీ కన్నా బరువే ముఖ్యమని నాకు దుంగలు లాగేటప్పుడు తెలిసివచ్చింది. 40 సెంటీమీటర్ల మందం, 4 మీటర్ల పొడవు ఉన్న దుంగ అర ఘనమీటరు ఉంటుంది. అప్పుడే నరికిన గట్టి కలప అయితే అది 450 నుంచి 500 కిలోలు తూగుతుంది. గాలికి పడిన అలాంటి దుంగకు గొలుసు కట్టి చిన్న బండితో లాగినప్పుడు, ఇంజన్‌లో ఇంకా శక్తి ఉండగానే వెనక చక్రాలు తడి ఆకుల మీద తిరిగి తిరిగి జానెడు లోతు గుంత చేశాయి. 900 కిలోల బండికి అంతకన్నా పట్టు రాదు. ఇప్పటిది లోడర్ లేకుండానే 1,500 కిలోలు ఉంటుంది. దానికి తోడు వెనక టైర్లలో ముప్పాతిక వంతు వరకు నీళ్లు నింపించడంతో మరో 300 కిలోలు కలిసింది. అదే మందం దుంగను ఇది రెండు వెనక చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ అవసరం లేకుండానే లాక్కొస్తుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గొలుసును ఎప్పుడూ ట్రాక్టర్ వెనక కింద ఉన్న డ్రాబార్‌కే (లాగుడు కడ్డీకే) కట్టాలి. పనిముట్లను పట్టుకునే పై కడ్డీ అయిన టాప్ లింక్‌కు గానీ, ఇరుసు కన్నా ఎత్తులో గానీ కట్టకూడదు. దుంగ మోడుకు తట్టుకుని ఆగిందంటే ముందు చక్రాలు లేస్తాయి, ఆపైన ట్రాక్టర్ వెనక్కి తిరగబడటానికి ఒకటిన్నర సెకను చాలు. క్లచ్ తొక్కాలన్న ఆలోచన వచ్చేలోపే అయిపోతుంది. అందుకే బండి తిరగబడినా నడిపేవారిని కాపాడే ఇనుప చట్రాన్ని, అంటే సీటు వెనక రోల్‌బార్‌ను, నిలబెట్టి, బెల్టు పెట్టుకుని నడపాలి. కొమ్మలు తగులుతున్నాయని చాలామంది దాన్ని మడిచేస్తారు. నేను మాత్రం దారి పొడవునా 3 మీటర్ల ఎత్తు వరకు కొమ్మలనే నరికించాను.

లోడర్ కొంత నిరాశపరిచింది. కాగితం మీద ఎత్తే సామర్థ్యం 600 కిలోలని ఉంది, కానీ అది బకెట్ తగిలించే పిన్నుల దగ్గర లెక్క. బకెట్ బదులు తగిలించే ఫోర్కుల (ఇనుప కొమ్ముల) మీద దుంగ పిన్నులకు అర మీటరు ముందుకు ఉంటుంది కాబట్టి, 400 కిలోలు దాటితే బండి వెనక భాగం తేలికపడటం సీటులో కూర్చున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. వెనక పనిముట్లు తగిలించే లింకేజీకి 350 కిలోల బరువు పెట్టె తగిలించాకే ధైర్యంగా ఎత్తగలిగాను. లోడర్‌తో పాటు ఆ పెట్టెను కూడా కొనుక్కోవాల్సిందే.

మరి 55 హెచ్‌పీది ఎందుకు కొనలేదని అడగవచ్చు. దాని శక్తికి వంక పెట్టలేం. కానీ 2.3 టన్నుల ఆ బండి మలుపు తీసుకున్న చోటల్లా రెండు మూడు చెట్లకు బెరడు లేచిపోయింది. చెట్ల పీచువేళ్లలో ఎక్కువ భాగం పైనున్న 30 నుంచి 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. తడి నేలలో అంత బరువు పదే పదే తిరిగితే మట్టి గట్టిపడి ఆ వేళ్లకు గాలీ నీరూ అందవు. 1.6 మీటర్ల వెడల్పున్న నా బండికి రెండున్నర మీటర్ల దారి సరిపోతుంది. కొనబోయేవారు ముందుగా టేపు పట్టుకుని, తమ చెట్ల మధ్య అతి ఇరుకైన సందును కొలుచుకోవాలి. చెట్లు పలచగా, దుంగలు లావుగా ఉన్న భూమి అయితే పెద్దదే మేలు.

డీజిల్ వాడకం, సీటు సౌకర్యం విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా అడుగుభాగం గురించే. మొదటి నెలలోనే ఆకుల కింద దాగిన ఎండుకొమ్మ ఒకటి ముందు చక్రం తొక్కిడికి నిలువుగా లేచి, హైడ్రాలిక్ గొట్టాన్ని చీల్చేసింది. నూనెంతా నేలపాలైంది. ఆ తర్వాతి వారమే ఒక మోడు కొన టైరు వాల్వును పీకేసింది. అడవి పనికి పనికొస్తుందని చెప్పి అమ్మే బండికి అడుగున ఒక రేకు కూడా వేయకపోవడం తయారీదారుల తప్పే. 5 మిల్లీమీటర్ల ఇనుప రేకును, శుభ్రం చేసుకునేందుకు బోల్టులతో విప్పేలా కింద బిగించి, వాల్వుల చుట్టూ ఇనుప కవచాలు వెల్డింగ్ చేయించాను. రేడియేటర్ జాలీలో చేరే ఆకుల పొట్టును ప్రతి రెండు గంటలకూ చేత్తో దులుపుతున్నాను. అప్పటి నుంచి ఈ బండి చెట్ల మధ్య ఒక్కసారి కూడా ఆగిపోలేదు.