హోలీ మౌంటెనా, డోప్‌థ్రోనా? సాబత్ తర్వాత ఏది వినాలి?

హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సాబత్ 1971లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’ ఆల్బమ్‌ని మళ్లీ మళ్లీ విన్నవాళ్లకు అలాంటిదే ఇంకోటి కావాలనిపిస్తుంది. సాబత్ గిటారిస్టు టోనీ అయోమీది ఎడమచేతి వాటం. ఫ్యాక్టరీ ప్రమాదంలో రెండు వేళ్ల కొసలు పోయింది తీగలు నొక్కే కుడిచేతికే. ఆ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగల శ్రుతిని మూడు సెమీటోన్లు (అరస్వరాలు) కిందికి దించాడు. తీగ వదులైంది, మోత బరువెక్కింది. ఆ బరువును తర్వాత అందుకున్నవాళ్లలో నాకు ఇష్టమైనవి రెండు బ్యాండ్లు, ఆ రోజుల్లో రెంటిలోనూ ముగ్గురే.

కాలిఫోర్నియాలోని శాన్ హోసేకి చెందిన స్లీప్ 1992లో ‘స్లీప్స్ హోలీ మౌంటెన్’ తెచ్చింది. మొదటి పాట ‘డ్రాగనాట్’ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) వింటుంటే తల దానంతటదే ఊగుతుంది. ఫజ్ (గిటార్ మోతను గరగరలాడించే ఎఫెక్ట్) దట్టంగా ఉన్నా ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలుస్తూనే ఉంటుంది. మధ్యలో ‘సమ్ గ్రాస్’ అనే చిన్న అకౌస్టిక్ ముక్క చెవులకు కాస్త విశ్రాంతినిస్తుంది. సాబత్ వాళ్లు కూడా ఇలాగే చేసేవాళ్లు.

ఇంగ్లండ్‌లోని డోర్సెట్ నుంచి వచ్చిన ఎలక్ట్రిక్ విజార్డ్ ఆల్బమ్ ‘డోప్‌థ్రోన్’ (2000) అలా ఊపిరి పీల్చుకోనివ్వదు. గంట దాటుతుంది. ఒక్క ‘వియర్డ్ టేల్స్’ పాటే సుమారు 15 నిమిషాలు! ఫజ్ పెడల్ గిటార్ సిగ్నల్ తరంగాల శిఖరాల్ని కోసేస్తుంది కదా, ఇక్కడ ఆ కోత ఎంత ఎక్కువంటే గిటార్, బేస్ కలిసిపోయి ఒకే గోడలా మీదికొస్తాయి. గాయకుడు జస్ ఆబోర్న్ గొంతు ఆ గోడ వెనక నుంచి వినిపిస్తుంది. ‘ఫ్యూనరలోపొలిస్’ మెల్లగా, దాదాపు గుట్టుగా మొదలవుతుంది. రిఫ్ విరుచుకుపడ్డాక నెమ్మదిగా ఈడుస్తూ ఈడుస్తూ చివర్లో ఉన్నట్టుండి పరుగందుకుంటుంది. ఆ మలుపు ఇప్పటికీ నాకు ఒళ్లు గగుర్పొడిచేలా చేస్తుంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం డోప్‌థ్రోన్ పెట్టకండి, బుసబుసలే మిగులుతాయి. మంచి హెడ్‌ఫోన్స్ ఉండాల్సిందే.

సాబత్ రుచే కావాలంటే హోలీ మౌంటెన్, సందేహం లేదు. కానీ రెంటిలో గొప్పది ఏదంటే నా ఓటు డోప్‌థ్రోన్‌కే. స్లీప్ ఆ ఆల్బమ్‌లో సాబత్ ఇంటి చుట్టుపక్కలే ప్రేమగా తిరిగింది. విజార్డ్ మాత్రం సాబత్ అడుగుపెట్టని చీకట్లోకి వెళ్లింది. రెండూ మరీ బరువనిపిస్తే కైయస్ బ్యాండ్ ‘బ్లూస్ ఫర్ ద రెడ్ సన్’ (1992) వినండి. ఆ బ్యాండ్ గిటారిస్టు జాష్ హోమీ గిటార్‌ను బేస్ గిటార్ ఆంప్‌ల గుండా వాయించాడు; ఎడారి వేడి తెలుస్తుంది, వేగమూ ఉంటుంది.